అరచేతులు ముందుకి

"మీకిక్కడేం పని, నిదానం గారూ?"

మెడికల్ కాలేజీ మ్యూజియం గుమ్మంలో ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ రెండు తలుపుల మీద వేసి అడ్డంగా నిలబడ్డాడు.

డిటెక్టివ్ ఆగాడు. రాత్రంతా కన్ను మూయలేదు, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. అయినా గొంతు మామూలుగానే ఉంది.

"పోయినవాడు మా బావ. చాలదా?"

"మిమ్మల్ని లోపలికి రానివ్వకుండా ఉండటానికి అది చాలు. చుట్టరికం ఉన్న కేసులో తలదూర్చకూడదని నాకు నేర్పిందే మీరు."

"నేర్పినవాడికే పాఠం ఒప్పజెబుతున్నావన్నమాట. సంతోషం. తప్పుకో."

డిపార్ట్‌మెంటులో ఉన్న రోజుల్లో ఏం అడిగినా "నిదానమే ప్రధానం" అనేవాడని ఆయనకి నిదానం అనే పేరు స్థిరపడిపోయింది. ఉద్యోగం వదిలేసి సొంతంగా ఆఫీసు పెట్టుకున్నా పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఒకప్పుడు ఆయన చేతికింద పనిచేసిన ఈ ఇన్‌స్పెక్టరుకి కూడా అక్కడివాళ్ళే తక్షణం అని పేరు పెట్టారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. ముందు పట్టుకుంటాడు, తరవాత ఆలోచిస్తాడు. పదిసార్లలో ఆరుసార్లు సరైనవాణ్ణే పట్టుకుంటాడు కాబట్టి మిగతా నాలుగుసార్లూ ఎవరూ అడగరు.

ఈసారి పట్టుకున్నది మ్యూజియం చూసుకునే కుర్రాణ్ణి. ఆరున్నర అడుగుల మనిషి, అందరూ నిచ్చెన అంటారు. భార్య నిండు నెలలతో ఉంది. సాయంత్రం కోర్టు మూసేలోగా అతన్ని జడ్జి ముందు నిలబెడతారు. ఒకసారి హత్యానేరం నెత్తిన పడ్డాక నిరపరాధి అని తేలేసరికి బిడ్డ నడక నేర్చుకుని ఉంటుంది.

పొద్దున అక్క వచ్చింది. కుంటి కాలితో అంత దూరమూ నడిచొచ్చి, వీధి గుమ్మంలోనే నిలబడి, కంట తడి లేకుండా ఒకటే మాట అంది.

"ఆ నిచ్చెన అబ్బాయిని పట్టుకుపోయారురా. వాడు ఏ పాపమూ ఎరగడు. విడిపించు."

"నీకెలా తెలుసక్కా?"

"తెలుసు."

భర్త పోయిన మర్నాడు పరాయి పిల్లాడి కోసం కాళ్ళీడ్చుకుంటూ వచ్చిందంటే, మా అక్క మనసు అలాంటిది అనుకున్నాడు తమ్ముడు. తల్లి పోయినప్పుడు ఈయనకి ఆరేళ్ళు, ఆమెకి పధ్నాలుగు. అప్పట్నుంచి జడ వేసుకోవడం కూడా మర్చిపోయి తమ్ముణ్ణి సాకింది. అలాంటి అక్క జీవితంలో మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగింది.

"సాయంత్రానికి వాణ్ణి ఇంటికి పంపిస్తా. మాటిస్తున్నా," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాసేపు చూసి చేతులు దించాడు. పాత గౌరవం కొంచెం, ఈ ముసలాడు ఏం పీకుతాడో చూద్దామన్న సరదా కొంచెం.

మ్యూజియం పొడుగాటి గది. గోడల వెంట గాజు అలమారాలు, వాటిలో మైనంతో చేసిన గుండెలూ ఊపిరితిత్తులూ. మధ్యలో పని బల్ల, దాని ముందు ఒక కుర్చీ. కుర్చీకి ఎదురుగా కిటికీల ముందు వరసగా అస్థిపంజరాలు కొక్కేలకు వేలాడుతున్నాయి. పెద్దవి ఆరు. చివర ఒకటి చిన్నది. నేలంతా సుద్దపిండి. బావ పడిపోయిన చోట, కుర్చీకి జానెడు దూరంలో, పోలీసులు గీసిన గీత.

ఒక మూల బేడీలతో నిచ్చెన నిలబడి ఉన్నాడు. అంత పొడుగు మనిషీ భుజాలు ముడుచుకుని సగానికి సగం తగ్గిపోయాడు.

"కూర్చో నాయనా," అన్నాడు డిటెక్టివ్. "నిన్న మాస్టారితో గొడవెందుకొచ్చింది?"

"చిన్నదాని గురించి సార్." నిచ్చెన కిటికీల వైపు చూపించాడు. "ఆరింటి దుమ్మూ నేనే దులుపుతా. చిన్నదాన్ని మాత్రం మాస్టారు నన్ను తాకనిచ్చేవారు కాదు. మెత్తటి గుడ్డ తెచ్చుకుని ఆయనే తుడుచుకునేవారు. నిన్న మధ్యాహ్నం కిటికీ మూస్తుంటే నా భుజం తగిలి అది ఊగింది. 'తియ్యి చెయ్యి' అని అరిచారు. ఎప్పుడూ అరవని మనిషి సార్. నాకూ ఒళ్ళు మండింది. ఎముకలకిచ్చే మర్యాద మనిషికివ్వరా అన్నాను."

"కాలేజీ అంతా విన్నది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ తరవాత మెట్ల కింద గదిలో సుద్దపిండి కలుపుకుంటున్నాడట. చూసినవాడు లేడు. కత్తి ఇతనిదే. మైనం చెక్కే కత్తి. పిడికి గుడ్డ చుట్టుకుని వాడతాడు కాబట్టి వేలిముద్రలు కూడా లేవు."

"కత్తి ఎక్కడ పెడతావు?"

"ఈ బల్ల మీదే సార్. ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది."

"గొడవప్పుడు మాస్టారు ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తారు సార్, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయొచ్చారు. అక్షరం కనపడక చిరాకు పడుతున్నారు. నేను తెస్తానంటే వద్దన్నారు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు చేతిలోని ఫొటో తీసుకుని చూశాడు. బోర్లా పడిన బావ. చెంప నేలకి ఆనుకుని ఉంది. ముక్కు మీద కళ్ళజోడు, ఒక అద్దం పగిలి. ఫొటో తిరిగి ఇచ్చేశాడు.

"గొడవ తరవాత ఎవరైనా లోపలికి వెళ్ళారా?"

"ముందు మెట్లెక్కి ఎవరూ రాలేదు సార్, వస్తే నాకు వినపడేది. ఆ వెనక తలుపు మాస్టారి ఇంటి వైపు. అది ఇంకెవరూ వాడరు."

ఆ మాట డిటెక్టివ్ చెవిలో పడింది. పడింది గాని మనసు దాకా పోలేదు. మనసుకి ఇష్టం లేని మాటలు గుమ్మంలోనే ఆగిపోతాయి.

"విన్నారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇప్పుడు నా మాట వినండి. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు ఏం రాశాడు? గాయం వీపు మీద. మధ్యరేఖకి ఎడమ పక్కన, భుజం ఎముక లోపలి అంచు దగ్గర. కత్తి వెళ్ళిన దారి వెనక నుంచి ముందుకి, పై నుంచి కిందికి. మీ బావగారు ఆరడుగుల మనిషి. ఆయన వెనకాల నిలబడి పై నుంచి కిందికి దింపాలంటే వాడు ఎంత పొడుగుండాలి? ఈ కాలేజీలో అలాంటివాడు ఒక్కడే. అదిగో, మీ ముందు కూర్చున్నాడు. దీనికి నిదానం దేనికండీ?"

నిచ్చెన తల వంచుకున్నాడు. తన పొడుగే తనకి ఉరితాడైందని వాడికి అర్థమైంది.

డిటెక్టివ్ ఆ మాటే లోపల మళ్ళీ అనుకున్నాడు. పై నుంచి కిందికి. ఎక్కడో విన్న మాట. ఎక్కడేమిటి, బావ ఇంట్లోనే. పాప బతికున్న రోజుల్లో.

పాప అంటే అక్క కూతురు, ఈయన ఒక్కగానొక్క మేనకోడలు. మంచం అంచు మీంచి తలకిందులుగా వేలాడి, జుట్టు నేలకి రాస్తుంటే అరిచేది. "నాన్నా, ఇప్పుడు నాకు పైన ఏముంది?" బావ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "నీ తల," అనేవాడు. "తల కిందుంది కదా నాన్నా." "నువ్వెలా వేలాడినా సరే, మా లెక్కలో నువ్వు నిలబడే ఉంటావు. కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు పక్కకి దించి, అరచేతులు ముందుకి తిప్పి. నాకేం తెచ్చావు నాన్నా అని అడుగుతున్నట్టు." అప్పుడది టక్కున మంచం దిగి అలాగే నిలబడేది, అరచేతులు ముందుకి చాపి. వాటిలో ఏదో ఒకటి పెట్టేదాకా కదిలేది కాదు. బావమరిది మీద ఎన్ని జోకులేసినా పడి పడి నవ్వే బావ, ఆ పిల్ల చేతుల్లో పిప్పరమెంటు బిళ్ళ పెట్టేటప్పుడు మాత్రం ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేవాడు. ఆ పిల్ల తొమ్మిదో ఏట అంటుజ్వరంతో పోయింది. ఆస్పత్రివాళ్ళు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తండ్రి ఒక్కడే వెళ్ళి మట్టి చేసి వచ్చాడు.

"ఏమిటి సార్, నిలబడే నిద్రపోతున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నిలబడటం గురించే ఆలోచిస్తున్నా. పై నుంచి అంటే నువ్వేమనుకున్నావు?"

"పై నుంచి అంటే పై నుంచే. దానికి వేరే అర్థం ఉంటుందా?"

"కప్పు వైపు నుంచి అనుకున్నావు. డాక్టరు రాసింది తల వైపు నుంచి అని. శరీరం గురించి రాసేవాళ్ళు మనిషి పడుకుని చచ్చాడా, వంగి చచ్చాడా అన్నది ఆ మాటల్లో పెట్టరు. ముందు వాణ్ణి మనసులో లేపి నిలబెడతారు. ఆ తరవాతే ఏది పైన, ఏది కింద అని చెప్తారు. నువ్వు శీర్షాసనం వేసి దెబ్బ తిన్నా నీ తల పైనే ఉందని రాస్తారు. ఆ కాగితంలో మా బావ నిలబడి ఉన్నాడు. నిన్న ఈ గదిలో నిలబడి లేడు."

"అది మీకెలా తెలుసు?"

"బల్ల మీద పెట్టిన మా బావ బట్టల్లో చొక్కా చూశావా? నిలబడ్డవాడి వీపులో కత్తి దిగితే నెత్తురు నడుం వైపు కారుతుంది. ఇక్కడ నడుం దగ్గర చుక్క లేదు. కాలరు మొత్తం తడిసింది. నెత్తురు మెడ వైపు కారిందంటే వీపు కన్నా మెడ పల్లంలో ఉందన్నమాట. నెత్తురు అబద్ధం చెప్పదు, పల్లమెరుగు."

ఇన్‌స్పెక్టరు ఫొటో వైపు చూశాడు. "పడిపోయాక కారి ఉండొచ్చు."

"ఫొటోలో బోర్లా పడి ఉన్నాడు, చదునైన నేల మీద. చదును మీద మెడకే ఎందుకు పోతుంది? పోనీ, ప్యాంటు మోకాళ్ళు చూడు. రెండు మోకాళ్ళకీ గుండ్రంగా, గట్టిగా సుద్ద అంటుకుంది. పడ్డవాడికి అయితే చెదిరి ఉంటుంది. ఇది మోకాళ్ళ మీద కూర్చున్నవాడి గుర్తు. నమ్మకం లేకపోతే ఆ కుర్చీలో కూర్చో."

"నేనా?"

"నువ్వే. జేబులో సిరా పెన్ను ఉందిగా, మూత తీసి పట్టుకో."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళ వైపు ఒకసారి చూసి, మొహం చిట్లించి కూర్చున్నాడు. డిటెక్టివ్ అతని ఎదురుగా వచ్చి సుద్దలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంగి, అతని బూటు లేసు పట్టుకున్నాడు. తల ఇన్‌స్పెక్టరు మోకాళ్ళకి ఆనేంత దగ్గరగా ఉంది.

"ఇప్పుడు నా తల మీదుగా చెయ్యి చాపి వీపులో పొడువు. మొహమాటపడకు. ఎన్నాళ్ళనుంచో నీ కోరిక."

కానిస్టేబుళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వాడు. పెన్ను పాళీ భుజం ఎముక పక్కన గుచ్చుకుని, జారి, చొక్కా మీద సిరా గీత గీసింది. డిటెక్టివ్ వంగినవాడు వంగినట్టే అన్నాడు:

"గీత ఎటు పోయింది?"

"మెడ దగ్గర్నుంచి... నడుం వైపు."

"నేను లేచి నిలబడితే ఆ గీతని ఏమంటావు?"

ఇన్‌స్పెక్టరు పెన్నుకి మూత పెట్టాడు. జవాబు నెమ్మదిగా వచ్చింది. "పై నుంచి కిందికి."

"ఇంతే. పొడుగూ అక్కర్లేదు, పొట్టీ అక్కర్లేదు. వెనకాల కూడా ఎవరూ లేరు. ఎదురుగా, కుర్చీలో కూర్చున్న మనిషి. బలం కూడా పెద్దగా అవసరం లేదు. ఈ నిచ్చెన ఆ కుర్చీలో కూర్చుంటే మా బావ వాడి కాళ్ళ దగ్గర కూర్చుంటాడా? వాడి బేడీలు తియ్యి."

గెలిచాననుకున్నాడు డిటెక్టివ్. అక్కకిచ్చిన మాట నిలబెట్టాననుకున్నాడు. లేద్దామని నేలకి చెయ్యి ఆనించాడు. బావ చివరిసారి చూసిన నేలే అది. అదే ఎత్తులో ఉన్నాయి ఈయన కళ్ళు కూడా. నిలబడ్డవాడికి ఎవరికీ కనపడదు గాని, పక్కనున్న అలమారా కాళ్ళ సందున, గోడ దాకా జారిపోయి, ఒక చిన్న ఉన్ని ముక్క పడి ఉంది. నీలి రంగు. రెండు వేళ్ళ వెడల్పు.

చెయ్యి చాపి తీశాడు. పిడికిట్లో మూసుకున్నాడు. ఇంకాసేపు అలాగే వంగి ఉండిపోయాడు.

పైనుంచి ఇన్‌స్పెక్టరు గొంతు వినిపించింది. ఈసారి అందులో వెటకారం లేదు.

"సరే సార్. ఒప్పుకున్నా. మరి ఆరడుగుల ప్రొఫెసరు ఎవరి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు?"

మన వేలితో మన కన్నే పొడుచుకోవడం అంటారే, అది ఎలా ఉంటుందో ఆ క్షణంలో తెలిసింది ఆయనకి.

రెండేళ్ళ కింద అక్క కాలికి ఆపరేషన్ జరిగింది. ప్రాణం నిలిచింది గాని ఎడమ పాదం వేలాడబడిపోయింది. దాన్ని ఎత్తి పట్టుకోవడానికి చీలమండ చుట్టూ తోలు పట్టీ కట్టుకోవాలి. అది రోజూ బావే కట్టేవాడు. మోకాళ్ళ మీద కూర్చుని, బకిల్ వెలుపలి వైపుకి వచ్చేలా. లోపలి వైపు ఉంటే నడిచేటప్పుడు రెండో కాలికి గీసుకుంటుంది. తోలు ఒరుసుకుని పుండు పడుతోందని అక్క బాధపడితే, తమ్ముడు తన పాత పోలీసు టోపీ కోసి ఈ ముక్క తీసిచ్చాడు. "దొంగల్ని పట్టిన టోపీ అక్కా, నీ కాలు కూడా పట్టుకుంటుంది," అన్నాడు. బావ తెగ నవ్వాడు. "ఇన్నాళ్ళకి నీ టోపీ ఒక పనికొచ్చింది బావమరిదీ," అన్నాడు.

కళ్ళజోడు ఇంటి నుంచి ఎవరు తెచ్చారో, వెనక తలుపు ఎవరు తీశారో, గుమ్మంలో ఆగిన మాటలన్నీ ఇప్పుడు ఒకేసారి లోపలికొచ్చాయి. పొద్దున అక్క 'తెలుసు' అన్న మాట అన్నింటికన్నా వెనకగా వచ్చింది.

కాని ఎందుకు? ఆయన్ని పల్లెత్తు మాట అనని మనిషి. ఆయన దగ్గితే తను లేచి కూర్చునే మనిషి.

"మీరు లేస్తే నేను లేస్తా సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ లేచాడు. పిడికిలి జేబులో పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చూపు ఆ జేబు దాకా వెళ్ళి వెనక్కి రావడం గమనించాడు, అయినా తియ్యలేదు. ఖాళీ అయిన కుర్చీలో తను కూర్చున్నాడు. అక్క కూర్చున్నట్టు. పాదం చాపి, ఎదురుగా వంగిన బావ తలని ఊహించుకుని, ఆ తల మీదుగా చూశాడు.

ఎదురుగా చిన్న అస్థిపంజరం ఉంది.

పెద్దవి ఆరూ పాఠం చెప్పే పద్ధతిలో వేలాడుతున్నాయి. చేతులు పక్కకి, అరచేతులు ముందుకి. చిన్నది కూడా అలాగే ఉంది, ఒక్క కుడిచెయ్యి తప్ప. ఆ అరచెయ్యి తొడ వైపు తిరిగి ఉంది. తీగ మెలిపడి ఉంది. ఎవరో ఆ చెయ్యి పట్టుకుని, చాలాసేపు పట్టుకుని వదిలినట్టు.

డిటెక్టివ్ లేచి దగ్గరికెళ్ళాడు. "తాకకండి సార్," అన్నాడు నిచ్చెన అలవాటు కొద్దీ. ఆయన వినలేదు. ముంజేతి ఎముక మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. మణికట్టుకి కొంచెం పైన, బొటనవేలి వైపు, ఎముక ఉబ్బెత్తుగా వేలికి తగిలింది. ఎప్పుడో విరిగి, కొంచెం వంకరగా అతుక్కున్న ఎముక.

పాప ఏడో ఏట పెరటి గోడ మీంచి దూకింది. చెయ్యి అతికాక ఆ బొడిపెని ప్రతివాడికీ చూపించి మురిసిపోయేది. "మామా, నా చేతిలో కొండుంది, పట్టుకో." "ఎక్కడే?" "మణికట్టుకి పైన, వెలుపలి వైపు," అనేది, అచ్చం తండ్రి గొంతుతో. ఈయన కళ్ళు మూసుకుని వెతికి పట్టుకోవాలి. ఎన్నిసార్లు పట్టుకున్నాడో లెక్కలేదు.

ఇప్పుడు కూడా కళ్ళు మూసుకున్నాడు. అదే కొండ.

గోడకి ఆనుకున్నాడు. పదిహేడేళ్ళుగా పాప పుట్టినరోజుకి అక్క స్మశానానికి వెళ్ళి, ఆ చిన్న మట్టి దిబ్బ మీద పూలు పెట్టి, గడ్డి పీకి వస్తుంది. తోడు ఈయనే వెళ్తాడు. బావ ఏనాడూ రాలేదు. మగాడి దుఃఖం, గుండెల్లో పెట్టుకుని ఉంటాడులే అనుకున్నారు ఇద్దరూ.

"సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏం కనిపించింది?"

"ముందు నిచ్చెన బేడీలు తియ్యి."

ఇన్‌స్పెక్టరు తాళంచెవి కానిస్టేబులుకి ఇచ్చాడు. బేడీలు ఊడాయి. నిచ్చెన ఏదో అనబోతే డిటెక్టివ్ చేత్తో వారించాడు. "ఇంటికెళ్ళు. మీ ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది."

డిటెక్టివ్ వెనక తలుపు తీసుకుని మెట్లు దిగాడు. వెనకాల బూట్ల చప్పుడు వినపడుతూనే ఉంది, కాని అది దగ్గరికి రాలేదు.

అక్క వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎండ ఇంకా కిటికీలోంచి వస్తోంది. పొయ్యి వెలగలేదు. ఆమె ముందు చిన్నపిల్ల గౌను ఒకటి, ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉంది.

"వదిలారా వాణ్ణి?" అంది.

"వదిలారక్కా."

"మంచి పని చేశావు." కాసేపు తమ్ముడి మొహం చూసింది. "చూసొచ్చావా దాన్ని?"

తల ఊపాడు.

ఆమె కాలి వైపు చూశాడు. పట్టీ తనే కట్టుకున్నట్టుంది, బకిల్ లోపలి వైపు పడింది. కింద మెత్త లేక చీలమండ దగ్గర తోలు ఒరుసుకుని చర్మం ఎర్రగా లేచిపోయింది. పొద్దున ఈ కాలితోనే అంత దూరం నడిచొచ్చింది. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడి పంపాడే గాని, అప్పుడు కాలి వైపు చూడనే లేదు.

ఎదురుగా వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పట్టీ విప్పడం మొదలుపెట్టాడు.

"నా కాళ్ళ దగ్గర కూర్చోకురా," అంది.

"పర్లేదక్కా. చెప్పు."

బల్ల మీద కత్తెర ఉంది. కూర్చునే ముందే చూశాడు. అయినా తల వంచాడు.

"కళ్ళజోడు మర్చిపోయాడు. ఇద్దామని వెళ్ళా," అంది అక్క. "ఇన్నేళ్ళలో ఆ గది గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు నేను. అక్కడివి చూస్తే నీకు బాగుండదు అనేవాడు. వెనక మెట్లెక్కేసరికి పట్టీ వదులైంది. కూర్చోబెట్టాడు. ఇలాగే వంగాడు. నేను ఊరికే అటు చూశా. చిన్నదెవరో అరచేతులు ముందుకి చాపి నిలబడి ఉంది. మన పాప అడిగేదే, అలా. పిచ్చిదాన్ని, నవ్వొచ్చింది కూడా. ఆ తరవాత చెయ్యి చూశా."

ఆమె గౌను మడత మీద చెయ్యి పెట్టింది.

"ఎవరండీ అది అన్నాను. పట్టీ కడుతూనే చెప్పాడు. మట్టిలో పెట్టలేకపోయానే, ఇక్కడైతే రోజూ చూసుకుంటున్నా, రోజూ నేనే తుడుస్తా, దాన్ని చూపించే పిల్లలకి పాఠం చెప్తా అన్నాడు. ప్రేమగానే చెప్పాడురా. ఆ ప్రేమే నేను భరించలేకపోయాను. పదిహేడేళ్ళు నా బిడ్డ ఎండకీ వానకీ ఆ మట్టిలో ఉందని ఏడ్చాను. ఖాళీ గొయ్యికి పూలు పెట్టాను. ఒక్క గోడ అవతల అది చేతులు చాపి నిలబడి ఉంది. నాకు చెప్పలేదు. నాకు ఒక్కసారి చూపించలేదు."

డిటెక్టివ్ చేతులు ఆగిపోయాయి.

"తల ఎత్తలేదురా ఆయన. ఇంత మాట చెప్తూ నా మొహం వంక చూడలేదు. వంగిన తల తప్ప నాకేమీ కనపడలేదు. కత్తి పక్కనే ఉంది. ఒక్కసారి తల ఎత్తి నన్ను చూసుంటే, ఆయన మొహం చూసుంటే, నేను చెయ్యగలిగేదాన్ని కాదు." ఆమె ఏడుస్తోంది ఇప్పుడు. "పొద్దున నీ దగ్గరికి చెప్పేద్దామనే వచ్చా. నిన్ను చూశాక నోరు రాలేదు. నిన్న ఆయన పడిపోయాక దాని చెయ్యి పట్టుకున్నా. ఎంత చిన్న చెయ్యిరా అది."

గుమ్మం దగ్గర నీడ పడింది. ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో ఉంది. ఎంతసేపట్నుంచి వింటున్నాడో తెలీదు.

"దాన్ని మట్టి చెయ్యాలి," అంది అక్క అతన్ని చూస్తూనే. "నన్ను తీసుకుపోండి బాబూ, కాదనను. కాని దాన్ని అక్కడ అలా నిలబెట్టకండి. ఎన్నేళ్ళుగానో నిలబడి ఉంది. పడుకోబెట్టండి."

"నేను చూసుకుంటానమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తొందరేం లేదు. నిదానంగానే రండి సార్." సార్ అన్న మాట పాత రోజుల్లో అన్నట్టే అన్నాడు.

డిటెక్టివ్ జేబులోంచి నీలి ఉన్ని ముక్క తీశాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళ ముందే దాన్ని అక్క చీలమండ మీద పుండు పడిన చోట పెట్టి, దాని మీదుగా పట్టీ చుట్టాడు.

"అది నాకు కావాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లిగా. "స్టేషను దాకా నడిచొచ్చాక తీసుకుంటా."

బకిల్ వెలుపలి వైపుకి తిప్పాడు. గట్టిగా బిగించి, మళ్ళీ ఒక రంధ్రం వదులు చేశాడు. తల మీద అక్క చెయ్యి పడింది. చిన్నప్పుడు జ్వరమొస్తే చూసినట్టు ఆ చెయ్యి నుదుటి దాకా వచ్చి ఆగింది.

పట్టీ కట్టడం అయిపోయింది. ఆయన తల ఎత్తి, ఆమె మొహంలోకి చూశాడు.